పక్కింటి వదినగారి తంగేడు

అందరూ కులాసాగా ఉన్నారా? పెద్దవాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, పిల్లలకి దగ్గు తగ్గిందా, బాలింతలు వేళకి తింటున్నారా? ఏ ఇంట్లో ఎవరికి ఏమైందోనని నాకు కుదురుండదండి. మా తెనాలిలో పక్కింటి వదినగారు కాలం చేశారు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ గుమ్మం ఎక్కలేదు.

ఒక ఏడు తుమ్మెదలు రాక ఆవిడ గుమ్మడిపాదుకి పిందెలన్నీ పసుపుబారి రాలిపోయాయి. ఇద్దరం పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకి రుద్దేవాళ్ళం. "ఎన్నాళ్ళు వదినా, తుమ్మెద పని మనం చెయ్యడం? వాటినే పిలుద్దాం" అని ఆవిడే తంగేడు గింజలు తెచ్చారు. అదేమో మెట్ట మొక్క, మాదేమో నీళ్ళు నిలిచే నల్లమట్టి. బాపట్ల చుట్టాల చేత ఇసక మూటలు తెప్పించి, ఇటికముక్కలు కలిపి, గోడవార దిబ్బ పోసి నాటారు. వీధిలో నవ్వారు, పెరట్లో తంగేడేంటండీ అని.

ఎండకి మొక్క ఏమైపోతుందోనని నేను గోడ మీంచి చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. "నీ బెంగంతా దాని మొదట్లో పొయ్యకు, వేళ్ళు కుళ్ళుతాయి" అనేవారు. నీళ్ళు మానేశాకే అది ఎదిగింది. పచ్చగా విరగబూసింది. నల్ల తుమ్మెదలు పూలని వణికిస్తుంటే కుడతాయేమోనని నాకు భయం. "వాటికి బోలెడు పనుంది, నీ జోలికెందుకొస్తాయి?" అన్నారు. అది పూసిన ఏడు గుమ్మడి నిలిచింది. కాయ కోసి వీధంతా పంచారు, నవ్విన వాళ్ళకి పెద్ద ముక్కలు.

ఇప్పుడా ఇల్లు అద్దెకిస్తారట. రేపల్లెలో ఉండే వాళ్ళమ్మాయి, పెరడంతా సిమెంటు చేయిస్తానని ఫోన్ చేసింది. మొక్క తవ్వి మా ఇంట్లో వేసుకుందామంటే, వేరు లోతుకి దిగింది, కదిపితే బతకదు. గింజలైనా దాచుకుందామంటే కాయలింకా పచ్చివి.

"కాయలు ఎండేదాకా ఆగమ్మాయ్" అన్నాను.

"మొక్క కోసం మేస్త్రి ఆగుతాడా అత్తయ్యా?"

"పోనీ ఒకసారి వచ్చి చూడు. తర్వాత నీ ఇష్టం."

"అమ్మ లేని పెరట్లోకి ఎలా రాను?" అంది.

"నేను గుమ్మంలో ఉంటాను, రా" అన్నాను.

గురువారం వస్తానంది. మేస్త్రినీ ఆ రోజే రమ్మందట. మధ్యాహ్నం బస్సుకి వస్తానంటే, వద్దు, పొద్దుటి బండికే రమ్మన్నాను. తుమ్మెదలు పూల మీద ఉండేది ఆ వేళప్పుడే.