నేనడిగిన వన్స్‌మోర్లు

మా ఎదురింటివాళ్ళు ఈమధ్య రేడియో కొన్నారు. కొన్నవాళ్ళు లోపల పెట్టుకుని వినొచ్చు కదా, వీధరుగు మీదికి తెచ్చి ఊరందరికీ వినిపిస్తున్నారు. మొన్న సాయంత్రం అందులో ఒక పాటల నాటకం వచ్చింది. చితికిపోయిన సర్కసు కంపెనీ కథ. ప్రొప్రైటరు ఏడుస్తూ పాడతాడు, బఫూను నవ్విస్తూ పాడతాడు, మధ్యమధ్య పులి గాండ్రింపు. అరుగు మీద జనం పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ పాడేవాడు ఒక్కరోజైనా డేరాలో నిలబడ్డాడా? గుర్రపు లద్దె వాసన ఎరుగునా? పైగా వాడికి వన్స్‌మోర్ బాధ లేదు. పెట్టె ముందు ఎవరు ఎంత అరిచినా వాడు మళ్ళీ పాడక్కర్లేదు. ఎంత హాయి!

డెబ్బై ఏళ్ళు దాటినా నాలో అసూయ చావలేదు. ముఖం ఎరుగని మనిషి మీద కూడా పుట్టుకొస్తోంది. అసలు దానికి పాలు పోసి పెంచిన రోజుల సంగతి ఇది.

నా ముప్పయ్యో ఏట నేను నిజంగానే అలాంటి సర్కసులో ఉన్నాను. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన ఇంకా పూర్తి కాలేదు. డేరా, గుర్రాలు, మనుషులు అందరం కాలవల్లో పడవల మీద ఊరూరా తిరిగేవాళ్ళం. మా ఏనుగును అమ్మేశారు. సింహం ముసలిదై పోయింది. ఒంటెకు ఈ తడినేల పడలేదు. మిగిలినవి మూడు గుర్రాలు, పళ్ళూడిన ఎలుగుబంటి ఒకటి. దీపాలకు చమురు కొనే తాహతు లేక పగలే ఆడేవాళ్ళం. జంతువుల ఆట అరగంటలో అయిపోయేది. మిగతా పొద్దు గడపడానికి ప్రొప్రైటరుగారు ఒక హాస్య నాటకం పెట్టించారు. సర్కసువాడూ వాడి గయ్యాళి పెళ్ళామూ, అంతే కథ. పెళ్ళాం వేషం నాది. పాట కూడా నేనే కట్టాను.

"ఏనుగు పోయింది, సింహం పోయింది, ఒంటె పోయింది మావా!
ఇన్ని పోయినా నువ్వు మిగిలావు, ఇదేం కర్మరా దేవా!"

చీర కట్టి, చీపురు పట్టి రెండేళ్ళు పాడాను. జనం నవ్వారు. నవ్వలేదని అబద్ధమాడను. కానీ వన్స్‌మోర్ రాలేదు. ఆ రోజుల్లో నాటకమైనా సర్కసైనా పాటకు కొలబద్ద అదొక్కటే. జనంలోంచి "వన్స్‌మోర్!" అని కేక వచ్చిందా, పాడినవాడు గొప్పవాడు. వచ్చాక మళ్ళీ పాడి తీరాలి. పాడనంటే డేరాలో ఉన్న అందరినీ అవమానించినట్టు. అంత మర్యాద. ఆ ఒక్క కేక కోసం రెండేళ్ళు చెవులు రిక్కించుకుని బతికాను.

అప్పుడు నిడదవోలులో వచ్చాడాయన. మిషను బడిలో మేష్టరు. చర్చిలో కీర్తనలు పాడి పాడి గొంతుకు సానపెట్టుకున్నాడు. వేషాల పిచ్చి పట్టి ఉద్యోగం వదిలేసి మా డేరాకు వచ్చాడు. డేరా బయట నిలబడి పట్టుకున్నాడట, ప్రొప్రైటరుగారు నా పాటే పాడించి విన్నారు. విని, నా వైపు తిరిగి, "నువ్వు మొగుడి వేషం కట్టవోయ్. మీసం పెడితే బాగుంటావు" అన్నారు. రెండేళ్ళు నా ఒంటి మీదున్న చీర ఆ సాయంత్రమే ఆయన ఒంటి మీదికి వెళ్ళింది.

మర్నాడే ఆట. నేను మీసం అంటించుకుని తల వంచుకుని నిలబడ్డాను. మొగుడికి పాట లేదు. ఆయన "ఏనుగు పోయింది" అని ఎత్తుకున్నాడు. నేను కట్టిన పాటే. నేను పాడినప్పుడు ఏనుగు నిజంగా పోయిందని ఎవరికీ అనిపించలేదు. ఆయన పాడితే ముందు వరసలో ఒక ముసలాయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. చరణం ముగిసిందో లేదో, "వన్స్‌మోర్!"

నేను రెండేళ్ళు ఎదురుచూసిన కేక ఆయనకు మొదటి రోజే వచ్చింది.

ఆట అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, "గురువుగారూ, ఆ కేక మీ పాటకేనండి. నేను గొంతు అరువిచ్చానంతే" అన్నాడు. అలా అనకపోయినా బాగుండేది. పొగరుగా ఉంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. మంచివాడి మీద ఏడవడం ఎంత కష్టమో ఏడ్చినవాడికే తెలుసు.

నాలుగైదు ఊళ్ళు ఓర్చుకున్నాను. తర్వాత నాకొక ఉపాయం తోచింది. ఆయన పాట ముగించగానే నేను చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏంటే? వినపళ్ళేదు, మళ్ళీ చెప్పు!" అన్నాను. చెవిటి మొగుడి హాస్యమనుకుని జనం విరగబడి నవ్వారు. "వన్స్‌మోర్!" అని అందుకున్నారు. ఆయన మళ్ళీ పాడాడు. నేను మళ్ళీ చెయ్యి పెట్టాను. ఒక్కో ఆటకు నాలుగుసార్లు, ఐదుసార్లు. ప్రొప్రైటరుగారు నా భుజం తట్టి, "ఇదీ తెలివంటే!" అన్నారు. నా తెలివి దేనికో ఆయనకేం తెలుసు? ఆ గొంతు అరిగిపోవాలి, చీర నా ఒంటి మీదికి తిరిగి రావాలి. నాకు కావలసింది అదే.

శివరాత్రికి ద్రాక్షారామం తీర్థంలో డేరా వేశాం. పెనుగొండ నుంచి ఒక షావుకారుగారు ఆట చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆయనకు నచ్చితే అక్కడి గుడి ఉత్సవాలకు మమ్మల్ని పిలిపించి, మనుషులకూ గుర్రాలకూ వానాకాలం దాకా తిండీ చోటూ ఇస్తారట. నచ్చకపోతే కంపెనీ మూతే. అది వంటవాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

ఆ ఉదయం మేష్టారు మిరియాల కషాయం గ్లాసుతో నా దగ్గరికి వచ్చాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "గురువుగారూ, ఇవాళ ఒక్కసారితో సరిపెడదామండి. రెండోసారి అడక్కండేం?" అన్నాడు.

"అలాగేలెండి మేష్టారూ" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అడగకూడదనుకున్నాను.

డేరా నిండిపోయింది. షావుకారుగారు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నారు. మేష్టారు పాడాడు. బొంగురు గొంతుతో కూడా ఆ పాటకు కొత్త అందం తెచ్చాడు. షావుకారుగారు తొడ మీద తాళం వేస్తున్నారు. అది నా కంట పడింది. నా చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఏంటే? వినపళ్ళేదు!"

ఆయన నా వంక చూశాడు. ఒక్క క్షణమే. జనం కేకలు వేశారు. మళ్ళీ పాడాడు. నేను మళ్ళీ అడిగాను. మూడోసారి "ఇన్ని పోయినా" దగ్గర గొంతు జీరపోయి, తెగింది. పెదవులు కదులుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు. జనం అదీ హాస్యమే అనుకుని నవ్వారు. ఇదే సమయమనుకుని నేను మీసంతోనే పాట అందుకున్నాను. ఒక చరణం పూర్తి కాకుండానే వెనక నుంచి ఎవరో, "నువ్వు కాదయ్యా బాబూ! ఆవిడ్ని పాడమను!" అని అరిచారు.

షావుకారుగారు లేచి, "ఆడవేషం ఆయనకు గొంతు బాగయ్యాక కబురు చెయ్యండి" అని వెళ్ళిపోయారు.

బాగవలేదు. నెల రోజులు చూశాం. గుర్రాలను అమ్మేశారు. ఎలుగుబంటిని ఎవరో తీసుకుపోయారు. నిడదవోలు స్టేషనులో అందరం తలో దారి పట్టాం. చివరికి ప్లాట్‌ఫారం మీద మేష్టారూ నేనూ మిగిలాం. సొంతూరికి వెళ్ళే ఆయన రైలు ముందు. గుసగుసగా మాట్లాడితే తప్ప వినపడని గొంతు ఆయనది.

"మేష్టారూ, ద్రాక్షారామంలో నేను..." అని మొదలుపెట్టాను.

ఆయన చేత్తో ఆపాడు. "మీరెందుకు అడుగుతున్నారో నాకు మొదటి రోజే తెలుసండి. నేనూ తక్కువవాణ్ణి కాదు. మీరు అడిగితే చాలు, మళ్ళీ పాడాలనిపించేదండి. ఆ రోజూ అంతే."

అప్పుడు సిగ్గుపడ్డానా? పడ్డాను. కానీ దాని కంటే ముందు కుళ్ళుకున్నాను. గొంతు పోయేదాకా పాడాలనిపించడం ఎలా ఉంటుందో నాకు ఒక్క రోజూ తెలియలేదు. ఆ రుచి ఆయనకు తెలుసు.

"రైలుకింకా టైముందండి. ఆ పాట ఒక్కసారి పాడండి గురువుగారూ. మీ నోట నేను సరిగ్గా వినలేదు" అన్నాడు.

మూటల మీద కూర్చుని పాడాను. కూలీలిద్దరు ఆగి, విని, వెళ్ళిపోయారు. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఆ గాలి గొంతుతోనే అన్నాడు:

"వన్స్‌మోర్."

ఆ పాటకు నాకు వచ్చిన వన్స్‌మోర్ అదొక్కటే. మర్యాద ప్రకారం మళ్ళీ పాడాలి. "ఏనుగు పోయింది" అన్నాను. ఆ పైన పాట సాగలేదు. ఆయన చెయ్యి చెవి దగ్గర అలాగే పెట్టుకుని, రైలు వచ్చేదాకా ఎదురుచూశాడు.