క్షమాపణ పాఠం

ఆదివారం బడి టీచరమ్మ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, చూపుడువేలు ఊపుతూ క్షమ గురించి చెబితే రాళ్లయినా కరుగుతాయని పేరు. పిల్లలు కొట్టుకుంటే చేతులు కలిపించి సారీ చెప్పించేది. అది మనసులోంచి రాలేదనిపిస్తే మళ్లీ చెప్పించేది. తన తోడికోడలితో మాత్రం, అత్తగారి కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మాటామాటా పెరిగి, ఆరేళ్లుగా మాటల్లేవు. చర్చిలో ఆవిడ ఈ మూల కూర్చుంటే ఈవిడ ఆ మూల.

ఆ ఆదివారం తోడికోడలి కూతురే రంగు పెన్సిళ్ల కోసం పక్కపిల్లని గిల్లింది. టీచరమ్మ అలవాటు ప్రకారం సారీ చెప్పించింది. పిల్ల కళ్లు తుడుచుకుని, "మరి మీరో, పెద్దమ్మా? అమ్మ గుమ్మంలోనే ఉంది," అంది. పిల్లలందరూ అటు తిరిగారు. పాఠం చెప్పిన నోటితో కాదనలేక టీచరమ్మ గుమ్మం దాకా నడిచి, గొంతు సవరించుకుని, "వాన పట్టేలా ఉంది," అంది.

"అవునక్కా. గొడుగు తెచ్చాను," అంది తోడికోడలు.

"అది సారీ కాదుగా!" అంది పిల్ల.

"పెద్దవాళ్ల సారీ అలాగే ఉంటుంది," అని కసిరింది టీచరమ్మ.

అంతలో వాన రానే వచ్చింది. ముగ్గురూ ఒకే గొడుగు కింద బయల్దేరారు. భుజాలు తగలకుండా చెరో పక్కకి జరిగి నడిచిన పెద్దవాళ్లిద్దరూ సగం సగం తడిసిపోయారు. మధ్యలో ఉన్న పిల్ల ఒక్కతే పొడిగా ఇల్లు చేరింది.