మామ తెరుచుకుంటే నాన్న మాయం

గద్వాల నెట్ సెంటర్లో చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళిన కాలం అది. కంప్యూటర్లకు దుమ్ము పడదని ఆ నియమం. లోపల చూస్తే ప్రతి కీబోర్డు సందుల్లోనూ ఎవరో తిన్న మిరపకాయ బజ్జీల నలుసులుండేవి (స్పేస్ బార్ కింద పల్లీ పొట్టు కూడా చూశాను). ఇప్పుడు నా బల్ల మీద రెండు పెద్ద తెరలున్నాయి, అడిగిందల్లా రెప్పపాటులో వచ్చి వాలుతుంది, నేర్చుకోవాలన్న ఆత్రం మాత్రం అప్పటిదాంట్లో సగం కూడా మిగల్లేదు. అప్పుడు ఆత్రం ఒక్కటే ఉండేది, నేర్చుకోవడమంటే ఏమిటో తెలియదు. ఆ సంగతి నాకు తెలిసిరావడానికి మా అక్క పెళ్ళి, మా మేనమామ అలక కావలసి వచ్చాయి.

వనపర్తిలో ఎంసీఏ ముగించుకుని ఇల్లు చేరేసరికి హైదరాబాదులో ఉద్యోగాలకు కరువొచ్చింది. అంతకు ముందే వెళ్ళి ఎలాగో కుదురుకున్న మిత్రుడొకడు ఫోన్లో చెప్పాడు. "ఉత్త జావాస్క్రిప్ట్ వస్తదంటే ఎవడూ పిలుస్తలేడురా. జేక్వెరీ నేర్చుకో." జేక్వెరీ అంటే వెబ్ పేజీలను కదిలించడం కోసం ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన కోడ్. తెర మీద ఒక పెట్టెను తెరవాలన్నా, మూయాలన్నా, మెల్లగా మాయం చేయాలన్నా మనం పేజీలకు పేజీలు రాయనక్కర్లేదు, ఒక్క ముక్క రాస్తే మిగతాది అదే చూసుకుంటుంది. ఇలాంటి దాన్ని లైబ్రరీ అంటారు. మావాడు లైబ్రరీ నేర్చుకుంటున్నాడని నాన్న వీధిలో చెప్పుకునేవాడు (పేపర్ చదవడానికి అంత నేర్చుకునేదేముందని పక్కింటాయన అడిగాడట). ఆ లైబ్రరీ ఫైలు చూస్తే ఫొటో అంత కూడా లేదు. అది నెట్‌లోంచి దిగేలోగా నేను బయటికి వెళ్ళి చాయ్ తాగి వచ్చాను, వచ్చాక ఇంకో చాయ్ తాగాను. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని, పెన్ డ్రైవ్‌ను దారంతో మెడలో కట్టుకుని తిరిగాను.

నెట్ సెంటర్ యజమానిని ఊరంతా కేబులన్న అనేది, అంతకు ముందు ఇంటింటికీ టీవీ కేబుల్ లాగినవాడు కాబట్టి. నా మొదటి ప్రయోగం ఆయన మీదే జరిగింది. ఆయన ఫొటో పెట్టి, దాని మీద నొక్కగానే మెల్లమెల్లగా వెలిసిపోయి మాయమయ్యేలా చేసి, గర్వంగా పిలిచి చూపించాను. ఆయన కాసేపు ఖాళీ తెరను చూసి, "తమ్ముడూ, మనిషిని మాయం చేసుడు మంచిగ లేదు. జర మళ్ళ తీస్కరా" అన్నాడు. తీసుకొచ్చాను. ఆ మాటలో ఉన్న హెచ్చరిక నాకప్పుడు ఎక్కలేదు, తీసుకురావడం కూడా వచ్చునన్న సంతోషం ఒక్కటే ఎక్కింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కకు నాగర్‌కర్నూల్ సంబంధం ఖాయమైంది. బావ టీచర్. శుభలేఖలు గద్వాల ప్రెస్సులో అచ్చవుతుంటే, కంప్యూటర్లో కూడా ఒక శుభలేఖ చేస్తానని నేను ప్రకటించాను. ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు. పని లేని కొడుక్కు ఏదో ఒక పని దొరికిందని ఊరుకున్నారు. ఆ పెళ్ళిలో అమ్మకు కావలసింది మాత్రం కార్డూ కాదు, కంప్యూటరూ కాదు. వడ్డేపల్లి దిక్కున వ్యవసాయం చేసుకునే తన తమ్ముడు రావాలి, వచ్చి మా నాన్నతో కలిసి ఒక పందిరి కింద నిలబడాలి. ఎందుకంటే ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒకప్పుడు నాన్న బోరు వేయించాలనుకుంటే, నీళ్ళు చూడటంలో పేరున్న మామ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని మా పొలమంతా నడిచాడు. ఒకచోట కాయ లేచి నిటారుగా నిలబడింది, అంటే కింద నీళ్ళున్నట్టే. అక్కడే తవ్వించారు, ఎంత లోతుకు పోయినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తెల్లటి దుమ్ములో నిలువునా మునిగిన నాన్న, పదిమందిలో ఒక మాట అనేశాడు. "కాయ నిలబడ్డదా, నువ్వే వేలుతోని లేపినవా?" మామ భుజం మీది తువ్వాల దులుపుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ మా గడప తొక్కలేదు. ఇప్పుడు అమ్మ తనే పసుపు కుంకుమ పట్టుకుని బస్సెక్కి వెళ్ళి పిలిచి వచ్చింది. "నా కోడలిని నేను గాక ఎవలు ఎత్తుకొస్తరక్కా, వస్త" అన్నాడట. పెళ్ళికూతుర్ని మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామే కదా. అమ్మ ఆ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది, అప్పటికే విన్నవాళ్ళకు కూడా.

నా శుభలేఖకు తిరిగి వస్తాను. పేర్లు బోలెడున్నాయి, తెర చూస్తే చిన్నది. అందుకని జేక్వెరీలో రెడీమేడ్‌గా దొరికే అకార్డియన్ అనే ఏర్పాటును తెచ్చి పెట్టాను. అందులో పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏదైనా పట్టీ మీద నొక్కితే దాని కిందిది జారుతూ తెరుచుకుంటుంది, అంతవరకూ తెరిచి ఉన్నది అదే వేగంతో మూసుకుంటుంది. నేనొక పట్టీ మీద "వధువు తల్లిదండ్రులు" అని, దాని కింద పట్టీ మీద "వధువు మేనమామ" అని రాశాను. నాన్నకు చూపిస్తే నవ్వాడు. అక్క ఒత్తులు జారిపోయాయని అంది (ఆ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు ఒక కుదురుగా కూర్చునేవి కావు). అంతకు మించి ఎవరికీ ఏమీ తోచలేదు.

మామకు కబురందింది, తన పేరు కంప్యూటర్లో పడిందని. విత్తనాల పని మీద గద్వాల వచ్చినవాడు, ఊరివాళ్ళను ముగ్గుర్ని వెంటబెట్టుకుని నేరుగా నెట్ సెంటర్‌కు వచ్చాడు. చెప్పులు విడిచి, తువ్వాలతో ముఖం తుడుచుకుని తెర ముందు నిలబడ్డాడు. పేజీ తెరవగానే అమ్మానాన్నల పేర్లు కనిపించాయి. "అక్క పేరు మంచిగ పెట్టినవ్ అల్లుడా" అన్నాడు. "ఇప్పుడు నీ పేరు చూడు మామా" అని నేను కింది పట్టీ నొక్కాను. అమ్మానాన్నలు జర్రున పైకి పోయి మూసుకున్నారు, మామ దర్జాగా కిందికి దిగాడు. వెంట వచ్చినవాళ్ళు మస్తుగుందన్నారు. మామ తెర మీదికి ఇంకాస్త వంగాడు.

"మళ్ళొకసారి నొక్కు" అన్నాడు. నొక్కాను. మామ పోయాడు, అమ్మానాన్నలు వచ్చారు. "మళ్ళ." అమ్మానాన్నలు పోయారు, మామ వచ్చాడు. ఆయనకు తెగ నచ్చిందనుకుని, అడగకుండానే ఇంకా నాలుగుసార్లు నొక్కి చూపించాను. చివరికి మామ నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

"అంటే నేనుంటె మీ నాయన ఉండడు. మీ నాయన ఉంటె నేనుండను. గంతేనా?"

"అవ్ మామా, ఆటోమేటిక్" అన్నాను. అంత గర్వంగా నా జీవితంలో మరే సమాధానమూ చెప్పలేదు.

"గిట్ల పెట్టుమని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలూ చెప్పలే మామా, దాని పద్ధతే గది."

"మీ నాయన చూసిండా?"

"చూసిండు. నవ్విండు."

మామ వెంట వచ్చినవాళ్ళ వంక ఒకసారి చూశాడు. ఆ ముగ్గురూ ఊళ్ళోకి వెళ్ళి ఏం చెబుతారో ఆయనకు తెలుసు. కేబులన్న తెప్పించిన చాయ్ ముట్టకుండా బయటికి వెళ్ళి చెప్పులేసుకున్నాడు. నేను వెనకాలే వెళ్ళి మామా, మామా అన్నాను. "కంప్యూటర్ల గూడ ఒక్కతాన ఉండనిస్తలేరు, పందిట్ల ఉండనిస్తరా. నేను రాను, మీ అమ్మకు చెప్పు" అని బస్టాండు వైపు నడిచాడు.

చెప్పాను. అమ్మ పెరట్లో పసుపు దంచుతోంది. తిడుతుందనుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. తిట్టలేదు. రోకలి పక్కన పెట్టి, పసుపు చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "రెండు ఒక్కసారి తెరిచి పెట్టరాదా బిడ్డా?" అని అడిగింది.

"అట్ల రాదమ్మా. ఆ లైబ్రరీల లేదు."

"మరి నేర్చుకున్న అన్నవ్ గద."

ఆ తర్వాత ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్ళానో, ఎంతమంది ఎన్ని ప్రశ్నలు వేశారో. అంత సూటిగా ఎవరూ అడగలేదు. మర్నాడు నెట్ సెంటర్‌కు వెళ్ళి, ఆ అకార్డియన్‌ను ఎత్తుకొచ్చిన పేజీని మొదటిసారి చివరిదాకా చదివాను. అంతకు ముందు పైన ఉన్న కోడ్ కనిపించగానే కాపీ చేసుకుని, నెట్ పోతుందేమోనన్న భయంతో పేజీ మూసేసేవాణ్ణి. అడుగున రాసి ఉంది, అన్నీ ఒకేసారి తెరిచి ఉంచదలిస్తే ఇది మీకు పనికిరాదు, నాలుగు లైన్లు మీరే రాసుకోండని. ఆ నాలుగు లైన్లు రాయడానికి నాకు ఒక పూటంతా పట్టింది. ఒకసారి అన్ని పట్టీలూ కలిసి మూసుకునేవి, ఒకసారి దేని మీద నొక్కినా బావ తరఫువాళ్ళే తెరుచుకునేవారు (కేబులన్న వెనక నుంచి చూసి, "అప్పుడే పెత్తనం వాళ్ళదైందా" అన్నాడు). చివరికి అర్థమైంది. ఎవరి మీద నొక్కితే వాళ్ళ కిందిది మాత్రమే కదలాలి, పక్కవాళ్ళ జోలికి పోకూడదు. అంతే. ఇన్నాళ్ళూ నేను మంత్రంలా రాసిన ఒక్కో ముక్క ఎవరిని పిలుస్తుందో, ఎవరిని కదిలిస్తుందో ఆ పూటే తెలిసింది.

వెంటనే మామకు ఫోన్ చేశాను. సరిచేశాను, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలాను. "నేనొక్కన్ని చూస్తె ఏమొస్తది? మీ నాయన వస్తడేమో అడుగు. వస్తె వస్త" అని పెట్టేశాడు. ఆ మాట నాన్నకు చేరవేస్తే ఆయన అన్నం కలుపుతూ విననట్టే ఉన్నాడు. అమ్మ కూడా వడ్డిస్తూ విననట్టే ఉంది. చెయ్యి కడుక్కుని లేచాక నాన్న అడిగాడు, "మీ సెంటర్ ఎన్నింటికి తీస్తరు?"

ఇద్దరూ వేర్వేరుగా వచ్చారు. చెప్పులు గుమ్మానికి చెరో పక్క విడిచారు. నాన్న కుర్చీలో కూర్చున్నాడు, మామ గోడకానుకుని నిలబడ్డాడు. బాగున్నావా అన్న పలకరింపు కూడా లేదు. నేను మేనమామ పట్టీ నొక్కాను. మామ దిగాడు, నాన్న కదల్లేదు. ఇద్దరి పేర్లూ ఒకే తెర మీద, ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. ఇప్పుడు ఏదో ఒకటి అంటారని ఇద్దరి ముఖాల్లోకీ చూశాను. అప్పుడే కరెంటు పోయింది.

ఎండ పడకుండా కిటికీలకు పరదాలు కట్టి ఉండటంతో పట్టపగలే గది చీకటైపోయింది. "ఇప్పుడే వస్తది, కూసోండ్రి" అన్నాడు కేబులన్న, రోజూ అన్నట్టే. మూలన చార్జి అడుగంటిన యూపీఎస్ బ్యాటరీ డబ్బా కీచుమని అరుస్తోంది.

"మీ దిక్కు గూడ గిట్లనే పోతదా బావా?" అన్నాడు మామ, ఎవరినో అడిగినట్టు.

"గిట్లనే. ఉన్నా ఏం లాభం, మా దాంట్ల నీళ్ళేడున్నయి" అన్నాడు నాన్న. అలవాటుగా అనేశాడు. ఏ మాట దగ్గర తెగిందో తిరిగి సరిగ్గా ఆ మాట దగ్గరికే వచ్చి నిలబడ్డారు. బ్యాటరీ డబ్బా అరిచి అరిచి ఆగిపోయింది.

"కాయ నిలబడ్డది" అన్నాడు నాన్న.

గోడ దగ్గర మామ కదిలిన చప్పుడైంది.

"ఆ దినం నీ చేతుల కాయ నిలబడ్డది. నువ్వు లేపలే. నేను పక్కన్నే ఉన్న, చూసిన."

చీకట్లో నాకు వాళ్ళ ముఖాలు కనిపించలేదు. వెలుతురుంటే నాన్న ఆ మాట అనేవాడు కాడని ఇప్పటికీ నా నమ్మకం. మామ గొంతు సవరించుకుని, "మరి నీళ్ళెందుకు పడలే బావా?" అన్నాడు.

"నాకేమెరుక. కాయనడుగు."

మొదట నవ్వింది కేబులన్న. తర్వాత మామ, ఆ తర్వాత నాన్న. కరెంటు వచ్చి, కంప్యూటర్ లేచి, నా పేజీ మళ్ళీ తెరుచుకునేసరికి గదిలో ఇద్దరూ లేరు. గుమ్మం దగ్గర చెప్పులూ లేవు. ఎదురుగా చాయ్ కొట్టు ముందు నిలబడి ఒక చాయ్‌ను రెండు గ్లాసుల్లో పంచుకుని తాగుతున్నారు. నా నాలుగు లైన్ల కోడ్‌ను తర్వాత ఎవరూ అడగలేదు.

పెళ్ళిలో మామ అక్కను ఎత్తుకొచ్చాడు. సగం దారిలో ఆయాసపడి, "జర నడిచి రారాదా కోడలా" అన్నాడట, అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అమ్మ మండపం పక్కన నిలబడి, తమ్ముణ్ణి చూసి, మొగుణ్ణి చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక నన్ను కసిరింది, అక్షింతలు ఎక్కడ పెట్టావని.

ఆ మరుసటి ఏడు నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. జేక్వెరీ పాతబడింది, దాని తర్వాత వచ్చినవీ పాతబడ్డాయి, ఇప్పుడు కొత్త లైబ్రరీని నాకు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నేర్పిస్తున్నారు. వాళ్ళు తయారు చేసిన పేజీలో ఒకటి తెరిస్తే ఇంకోటి మూసుకుంటే మాత్రం నేనొప్పుకోను. "పేజీ పొడుగైపోతుంది సార్" అంటారు. పోనీయండి అంటాను. పెద్దాయన చాదస్తమని వాళ్ళలో వాళ్ళు అనుకుంటున్నట్టు తెలుసు.

మామకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. అయినా ఫోన్ చేసినప్పుడల్లా, నాన్న క్షేమం అడిగాక, "అల్లుడా, కంప్యూటర్ల ఆ పెండ్లి కార్డు ఇంక అట్లనే ఉన్నదా?" అంటాడు. ఆ శుభలేఖకు ఉచితంగా చోటిచ్చిన సైటు ఎప్పుడో మూతపడింది. పెన్ డ్రైవ్ ఏ అద్దె గదిలో పోయిందో నాకే తెలియదు.

"ఉన్నది మామా" అంటాను.

"మా ఇద్దరివి తెరిచే ఉన్నయా?"

"తెరిచే ఉన్నయి మామా" అంటాను. ఆయన సరే మరి అని ఫోన్ పెట్టేస్తాడు.