అమ్మేది కాదన్న గుర్రం

మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా గుర్రం మాట ఎత్తితే అందరూ ముందు నా మొహం చూస్తారు, తర్వాత పకపకా నవ్వుతారు. అందుకే పెళ్లి ఊరేగింపులో గుర్రం కనబడితే నేను పక్క గల్లీలోకి జారుకుంటాను. ఎందుకో చెబుతాను. చదివి మీరూ నవ్వండి, నేనేమీ అనుకోను, నాకు అలవాటైపోయింది. కానీ ఒక్క మాట. ఆ రోజు నా జాగాలో మీరుండి, మీ నాన్న కూడా బర్రెల మనిషి అయ్యుంటే, మీరూ అచ్చం ఇదే ఘనకార్యం చేసి వచ్చేవారు.

మాది మాదన్నపేటలో పాల కుటుంబం. బాపు, అంటే మా నాన్న, బర్రెను దూరం నుంచి ఒక్క చూపు చూసి, అది ఎన్ని పాలిస్తుందో, ఎవరిని తంతుందో చెప్పేసేవాడు. ఆ విద్య పుట్టుకతోనే నాకూ వచ్చేసిందని ఇరవై ఆరేళ్లకే తేల్చుకున్నాను. నాకు పరీక్ష పెట్టినవాడు ఎవడూ లేడు కాబట్టి ఆ నమ్మకం ఆ రోజు దాకా క్షేమంగా ఉంది.

మా అక్కా, యాదగిరి బావా ఉండేది మా ఇంట్లోనే, బావది ధూల్‌పేట్‌లో పెళ్లి గుర్రాల పని. గుర్రాలు అన్నానే గానీ ఉన్నది ఒకటే, తెల్లటి ఆడగుర్రం. ఆ యేడు దాని కాలు బెణికి మూలకు పడింది. శ్రావణం పెళ్లిళ్లకు బావ అప్పటికే బయానాలు తీసుకున్నాడు. చేతిలో పెళ్లికొడుకులు ఉన్నారు, ఎక్కించడానికి గుర్రం లేదు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక వీడియో చూశాడు. అందులో గుర్రం పాటకు తగ్గట్టు పక్కకు అడుగులు వేస్తోంది, ఉన్నచోటే కాళ్లెత్తి ఆడుతోంది. దాన్ని డ్రెస్సాజ్ అంటారట.

"బామ్మర్దీ, గిట్లాంటిది ఒక్కటి మన బరాత్‌ల ఆడిందనుకో, పట్నంల పెండ్లిళ్లన్నీ మనయే!" అన్నాడు బావ.

శంషాబాద్ దాటాక ఒక గుర్రాల ఫారం ఉంది. ఆ ఆటకు పనికొచ్చే పడుచు గుర్రాలను పెంచి ఏటా అక్కడ వేలం వేస్తారు. పిలుపు ఉన్న పెద్దోళ్లకే ప్రవేశం. బావకు తెలిసిన ఒక ఫంక్షన్ హాల్ ఓనర్ తనకు వచ్చిన పిలుపును బావకు ఇచ్చాడు. అక్క చీటీ ఎత్తిన డబ్బు తెచ్చి బావ చేతిలో పెట్టింది.

"పశువు సంగతి మా తమ్మునికి ఎరుకనే. ఆడు సూపిచ్చిందే కొను" అని బావకు చెప్పి, నా వైపు తిరిగింది. "మల్లేషూ, ఈ సీజన్ పోతే మా ఇల్లు గడవదురా. నీ మీదనే భారం ఏసిన."

"ఏం ఫికర్ చెయ్యకు అక్కా" అన్నాను. ఫికర్ అంతా అక్కడి నుంచే మొదలైంది.

ఆ ఫారానికి వెళ్లాక నాకు మొదట కలిగిన భావం ఏమిటంటే, ఇక్కడి గుర్రాలు మా వీధిలో మనుషుల కన్నా శుభ్రంగా ఉన్నాయి. పేడ వాసన లేదు, ఈగలు లేవు, లొల్లి లేదు. టోపీలు పెట్టుకున్న అమ్మలు, బూట్లు తొడుక్కున్న అయ్యలు కుర్చీల్లో కూర్చుని గుసగుసలాడుతున్నారు. ఇసుక పోసిన బరిలో పడుచు గుర్రాలను ఒక్కొక్కటిగా నడిపిస్తున్నారు. మైకులో ఒకాయన ఇంగ్లీషులో వేలంపాట పెంచుతున్నాడు.

గోధుమరంగు ఆడగుర్రం ఒకటి వచ్చింది. చిన్నది, బెదురుగా ఉంది. కానీ మైకులో సంగీతం మొదలవగానే దాని కాళ్లు వాటంతట అవే లేచాయి. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గిది తీసుకుందాం బామ్మర్దీ. అడుగులు చూడు, మస్తు ఉన్నది. రంగుదేముంది, పూలు, లైట్లు గడితే ఎవడు జూస్తడు?"

"ఆగు బావా. ముందుకు తెచ్చి చూపెట్టేదాన్ని ఎన్నడన్న కొంటరా?" అన్నాను.

ఇక్కడ మీకు మా పశువుల అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. అంగడిలో అమ్మేవాడు మంచి బర్రెను ముందు నిలబెట్టడు. వెనక ఓ పక్కన కట్టేస్తాడు. మనం దాన్ని అడిగితే "అది అమ్మేది కాదు" అంటాడు. ఆ మాట వినబడిందంటే అసలు సరుకు దొరికిందని లెక్క. అప్పుడు తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని, ఎవరికీ కనబడకుండా బేరం మొదలుపెడతాం. ఇది మా తాతల నాటి నుంచి నడుస్తున్న రాజ్యాంగం.

నేను బరిని వదిలేసి పక్కలు వెతికాను. దొరికింది! కంచె అవతల, నీడలో, పాలలా తెల్లటి గుర్రం. ఇంత గోలలోనూ చెవి కూడా కదపకుండా గంభీరంగా నిలబడి ఉంది. బరాత్‌లో బాంబులు పేలినా చలించనిది కావాలి కదా! నేను దగ్గరికి పోయి, బాపు చేసినట్టే నోరు తెరిచి చూశాను. చూసి అదిరిపోయాను.

"బావా! దీనికి పై పండ్లు గూడ ఉన్నయి!"

బర్రెకు ముందర పై పళ్లుండవు. నేను పుట్టినప్పటి నుంచి చూసిన నోళ్లన్నీ బర్రె నోళ్లే.

"గుర్రాలన్నిటికీ ఉంటయిరా" అన్నాడు బావ నీరసంగా. "గని ఇవి జర ఎక్కువ పొడుగున్నట్టు లేవా?"

"పొడుగుంటే బలం బావా!"

ఇంతలో ఫారం మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. పాపం, మర్యాదస్థుడు.

"సార్, క్షమించాలి. ఇది అమ్మేది కాదు" అన్నాడు.

నేను బావకు కన్ను కొట్టాను. విన్నావా అన్నట్టు.

"ఇది వేలంలో లేదు సార్. చాలా పెద్ద వయసు. కుర్ర గుర్రాలు బెదరకుండా దీన్ని పక్కన నిలబెడతాం, అంతే."

"అట్లనే అంటరు సార్" అన్నాను నేను చిరునవ్వుతో. భుజం మీది తువ్వాల తీసి ఆయన చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్లు గట్టిగా పట్టుకున్నాను. ఆయన కెవ్వుమన్నాడు. టోపీల అమ్మలందరూ ఇటు తిరిగారు. మైకు ఆగిపోయింది.

ఫారం యజమానురాలు వచ్చింది. పెద్దావిడ, ముఖాన నవ్వు చెదరలేదు. మాది పాల కుటుంబం అని విని గుర్రాన్ని నిమిరింది.

"దీనికి ఎలాగూ విశ్రాంతి ఇవ్వాలనుకుంటున్నాం. మీరు బాగా చూసుకుంటానంటే ఊరికే తీసుకెళ్లండి. మీద మాత్రం ఎవరినీ ఎక్కించకండి."

ఊరికే! మా దగ్గర పశువును ఊరికే తీసుకోరు. ఊరికే వచ్చిన పశువు కొట్టంలో నిలవదని మా వాళ్ల నమ్మకం. పైగా ఎక్కొద్దు అంటోందంటే ఎంత విలువైనదై ఉండాలి! నేను ఒక ధర చెప్పాను. ఆవిడ వద్దంది. ఓహో, చాలలేదన్నమాట. పెంచాను. అయ్యో వద్దు బాబూ అంది. ఇంకా పెంచాను. అమ్మేవాళ్లు వద్దు వద్దంటుంటే కొనేవాడు ధర పెంచుకుంటూ పోయిన బేరం ఈ భూమ్మీద అదొక్కటే అయ్యుంటుంది. చివరికి వేలం ఆగిపోతోందని, నా నోరు మూయించడానికి "సరే, మీ ఇష్టం" అంది ఆవిడ. అప్పటికి అక్క చీటీ డబ్బంతా అయిపోయింది.

"గెలిచినం బావా!" అన్నాను. బావ దారి పొడుగునా ఖాళీ జేబులు తడుముకుంటూ కూర్చున్నాడు.

ఇంటి ముందు బండి దిగిన గుర్రాన్ని చూసి అక్క మురిసిపోయింది. ఆ మురిపెం పశువుల డాక్టర్ వచ్చేదాకా ఉంది. ఆయన గుర్రం నోట్లోకి చూసి, నా మొహంలోకి చూశాడు.

"పండ్లు గింత పొడుగైనయంటే దీనికి నీకంటే రెండేండ్లే తక్కువుంటయేమో. మనుషుల లెక్కల అయితే నువ్వు దీన్ని తాతా అని పిలవాలె" అన్నాడు.

నేను అప్పుడైనా తగ్గానా? లేదు. "వయసుదేముంది, ఆట చూడుండ్రి, మీద ఎవర్ని ఎక్కియ్యకుండ ఖాళీగనే ఆడిద్దాం" అని గల్లీలోకి మర్ఫా డప్పుల వాళ్లను పిలిపించాను. వాళ్లు చెవులు చిల్లులు పడేలా వాయించారు. కిటికీలు అదిరాయి, పిల్లలు గంతులేశారు. గుర్రం కళ్లు మెల్లగా మూతపడ్డాయి. కింది పెదవి వేలాడింది. చిన్నగా గురక వినిపించింది.

"క్యా భాయ్, సోగయా తుమారా ఘోడా" అన్నాడు డప్పు ఉస్తాద్, వాయించడం ఆపి.

ఆ రోజు నుంచి అక్క నాతో మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేది. పళ్లెం నా ముందు పెట్టి మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. బావ రోజంతా ఫోన్ పట్టుకుని పెళ్లివాళ్లకు ఏదో ఒకటి సర్ది చెప్పుకునేవాడు. వాళ్ల సంసారం నా తెలివి వల్ల రోడ్డున పడిందని తలచుకుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ముసలి గుర్రం మాత్రం మా కొట్టంలో బర్రెల పక్కన తవుడు తింటూ సుఖంగా ఉంది.

పెళ్లిళ్లు ఇంకో వారంలో ఉన్నాయనగా మా ఇంటి ముందు కారు ఆగింది. ఫారం మేనేజర్! నా చేతులు కనబడగానే తన చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"సార్, మా కుర్ర గుర్రాలు ఈ గుర్రం లేకుండా గుమ్మం దాటడం లేదు. మేడమ్ బెంగ పెట్టుకున్నారు. దీన్ని తిరిగి ఇచ్చేయండి. బదులుగా ఆ గోధుమరంగు ఆడగుర్రాన్ని తీసుకోండి. దాన్ని వేలంలో ఎవరూ పాడలేదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క తలుపు చాటుకు వచ్చింది. ఇన్నాళ్లకు ఆమె కళ్లలో వెలుగు చూశాను. బావ రెండు చేతులూ జోడించేశాడు. ఎవరైనా ఏం చేయాలి? సరే అనాలి. కానీ నేను బర్రెల మనిషిని. అవతలివాడికి అవసరం పడ్డప్పుడు సరే అనేస్తే మా వంశానికి ఎంత అప్రతిష్ఠ! ఇంకాస్త బిగిద్దామని మీసం మీద చెయ్యి వేశాను.

"ఇది అమ్మేది కాదు సార్" అన్నాను.

మేనేజర్ నా వైపు చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"అర్థమైంది సార్. మీరు దాన్ని అంతగా ప్రేమిస్తున్నారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను" అని దండం పెట్టి కారెక్కి వెళ్లిపోయాడు.

పెద్దోళ్ల లోకంలో మాటంటే మాటేనని నాకు అప్పుడు తెలిసింది.

"తమ్మీ!" అన్న అరుపు వెనక నుంచి వచ్చింది. ఇన్నాళ్ల తర్వాత అక్క నాతో మాట్లాడిన మొదటి మాట అది. నేను వెనక్కి చూడలేదు. లుంగీ ఎగ్గట్టి కారు వెంట పడ్డాను. "అమ్ముతం సార్! అమ్ముతం!" అని అరుస్తూ గల్లీలన్నీ పరిగెత్తాను. జనం దొంగను తరుముతున్నాననుకుని నా వెనక పరిగెత్తారు. కూరగాయల మార్కెట్ దగ్గర టమాటల బండి అడ్డం పడి కారు ఆగింది. అద్దం మీద దబదబా కొట్టాను.

"ఇందాక కాదన్నారు కదా?" అన్నాడు మేనేజర్ భయంగా.

"అది బేరం సార్!"

"అంటే... ఆ రోజు మేము కాదన్నది కూడా..."

"బేరమే అనుకున్న సార్."

ఆయన స్టీరింగ్ మీద తల ఆనించుకున్నాడు. ఇంతలో అక్క రొప్పుకుంటూ వచ్చి నన్ను పక్కకు నెట్టింది.

"సార్, వీని మాట పట్టించుకోకుండ్రి. మీ ముసలి గుర్రం తీసుకపోండ్రి, ఆ పడుచుది ఇయ్యుండ్రి. ఇంకొకటి. మీరు ఊరికేనే ఇస్తమన్నరంట గదా? మరి మా చీటీ పైసలు?"

మేనేజర్ మేడమ్‌కు ఫోన్ కలిపాడు. ఆవిడ నవ్వు టమాటల బండివాడికి కూడా వినబడింది. అక్కకు గుర్రమూ వచ్చింది, డబ్బూ వచ్చింది. పశువుల విద్య బాపు నుంచి ఎవరికి వచ్చిందో మార్కెట్ అంతటికీ తెలిసింది.

ఇంటికి వచ్చాక అక్క నన్ను కొట్టంలోకి లాక్కెళ్లి, మా పెద్ద బర్రె తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. ఆ ఒట్టును ఇక్కడ మీ అందరి సాక్షిగా మళ్లీ చెబుతున్నాను. బతికి ఉన్నంతకాలం గుర్రాల బేరంలో నా నోరూ తెరవను, గుర్రం నోరూ తెరవను.