ఫూంగ్ అరచేయి

"ఆ ఇసుక పోసుకున్న చేత్తోనే అన్నం తింటావా, బాబాయ్?" అని కాఫీ కొట్టు నడిపే మీలాన్ ఒకరోజు అందరి ముందూ ఫూంగ్‌ను అడిగింది. పాత తగరం గనుల వ్యర్థపు ఇసుకలోంచి విలువైన ఖనిజాలు తీసే షెడ్డులో అతని పని చిటికెడు ఇసుక అరచేతిలో పోసుకుని, భూతద్దంతో చూసి, రేడియోధార్మిక పసుపు రేణువులు ఎంత వంతున్నాయో చెప్పడం. కొలిచే యంత్రం కన్నా అతని జీతం చవక. "కడుక్కునే తింటానమ్మా," అన్నాడు ఫూంగ్. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి కాఫీ కొట్టులో అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేని ఫూంగ్‌కు ఆ బల్లే సంసారం. అందుకని మూడుసార్లు సబ్బు రాసుకుని, తడి అరచేతులు అందరికీ కనబడేలా బల్ల మీద పరుచుకుని కూర్చునేవాడు. మీలాన్ కాఫీని బల్ల అంచున పెట్టి పోయేది. డబ్బు చేతికివ్వబోతే, "తర్వాత చూద్దాంలే బాబాయ్," అని చేయి వెనక్కి లాక్కునేది. నలభై ఆరు కాఫీల డబ్బు అతను ఇంకా ఇవ్వాలి.