బోర్కోకి అర్థం కాలేదు

పాచికలు చేతికొస్తే ఎవరైనా పెద్ద అంకె పడాలని కోరుకుంటారు. టౌనో మాత్రం చిన్న అంకె పడాలని కోరుకుంటాడు. పడితే పండగ చేసుకుంటాడు. ఆ అంకెను తీసుకెళ్లి తిన్నగా ‘తెలివి’ అన్న గడిలో రాసుకుంటాడు. రౌమా ఊరి గ్రంథాలయం మేడమీది గదిలో పదకొండేళ్లుగా శనివారాల్లో జరుగుతున్నది ఇదే. ఎందుకు జరుగుతోందో ఇర్మెలికి పదకొండేళ్లుగా అర్థం కాలేదు.

అక్కడ ఆడేది కథల ఆట. కోటలు, గుహలు, దయ్యాలు ఉన్న కథను ఇర్మెలి నడుపుతుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో వీరుడవుతారు. వీరుడికి బలమెంత, చురుకెంత, తెలివెంత అన్నది మూడేసి పాచికలు వేసి తేల్చుకోవాలి. పద్దెనిమిది పడితే మహా మేధావి, మూడు పడితే శుద్ధ మొద్దు. పడిన అంకెల్ని ఏ గుణానికి రాసుకోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. బుద్ధున్న వాడెవడైనా తక్కువ అంకెను పెద్దగా పనికిరాని గడిలో దాచేస్తాడు.

“ఛ! తొమ్మిదికి తగ్గడం లేదు. నా ఖర్మ. ఇంకోసారి వెయ్యనా ఇర్మెలీ?” అని బతిమాలతాడు టౌనో.

“తక్కువ పడిందని ఏడ్చేవాళ్లను చూశాను గానీ, ఎక్కువ పడిందని ఏడ్చేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను!”

పోనీ మనిషే మొద్దా అంటే, కాదు. ముప్పై ఏళ్లు ఓడరేవులో పనిచేసి, నీళ్లలో కనపడని రాళ్ల మధ్యనుంచి ఓడల్ని ఒడ్డుకు చేర్చినవాడు. అలాంటివాడు ఈ గదిలోకి రాగానే బోర్కో అయిపోతాడు. అతని వీరులందరి పేరూ బోర్కోయే. ఒకడు చస్తే మరుసటి వారం వాడి తమ్ముడు వస్తాడు. నాలుగో బోర్కో ఎలుగుబంటిని కాపలావాడనుకుని దారి అడిగాడు. ఆరో బోర్కోను తాడు కిందికి వదలమంటే రెండు కొసలూ వదిలేశాడు.

చావులు సరే, ప్రశ్నలతోనే ఇర్మెలికి ప్రాణం విసిగిపోయేది.

“మీ ముందు ఒక ఇనప తలుపు ఉంది,” అనేది.

“ఏ తలుపు?”

“ఇప్పుడేగా చెప్పాను, ఇనప తలుపు!”

“దాన్ని మనం తియ్యాలా, అదే తీసుకుంటుందా? బోర్కోకి అర్థం కాలేదు. మొదట్నుంచి చెప్పు.”

ఇర్మెలి పళ్లు కొరుక్కుంటూ మొదట్నుంచి చెప్పేది.

ఈ శరదృతువులో కష్టం వచ్చిపడింది. నలుగురిలో ఒకామె మనవల దగ్గరికని తుర్కు నగరానికి వెళ్లిపోయింది. గది దక్కాలంటే కనీసం నలుగురుండాలని గ్రంథాలయం నియమం. అల్లికల సంఘంవాళ్లు ఆ గది కోసం కాచుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ వచ్చి కర్టెన్ల కోసం కిటికీలు కొలుచుకుని కూడా వెళ్లింది. అప్పుడు దొరికాడు రైమో, లిఫ్టులు బాగుచేసే మనిషి, తలుపంత వెడల్పు. శనివారాలు ఒంటరిగా కూర్చోవద్దని కూతురు పోరితే వచ్చాడు.

ఇర్మెలి నియమాలన్నీ గడగడా చెప్పి, “అర్థమైందా?” అంది. రైమో తలూపాడు.

రౌమాలో అర్థమైందా అంటే ఎవరైనా తలూపుతారు. అర్థం కాకపోతే ఇంకా గట్టిగా ఊపుతారు. ఎదుటివాణ్ణి రెండోసారి చెప్పమని ఇబ్బంది పెట్టడం కన్నా మంచుగడ్డల మధ్య ఈదడం నయమనుకునే జనం. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఇర్మెలి ఆ తలూపును నమ్మేసింది.

ఆ రోజు తొమ్మిదో బోర్కో నలభై ఒక్క ప్రశ్నలు అడిగాడు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. చివరికి విషపు బావిలో నీళ్లు తాగి పోయాడు.

“బావి మీద పుర్రె బొమ్మ ఉందని చెప్పానా లేదా?”

“బావి యజమాని బొమ్మేమో అనుకున్నాడు పాపం.”

రైమో ముఖంలో నవ్వుందో విసుగుందో ఇర్మెలికి తెలియలేదు. ఈ మొద్దు వేషాలకు జడిసి అతను పారిపోతే గది పోయినట్టే. అందుకని మరుసటి శనివారం పాచికలు పడగానే టౌనో చేతిలోని పెన్సిలు లాక్కుంది. అన్నిటికన్నా పెద్ద అంకె పదహారును తనే తెలివి గడిలో రాసేసింది.

“పదహారా!” టౌనో ముఖం పాలిపోయింది. “అంత తెలివితో ఏం చెయ్యాలి?”

“ఏమీ అడక్కూడదు. అన్నీ తెలిసినట్టు కూర్చోవాలి.”

టౌనో ఒకసారి రైమో వైపు చూసి, అన్నీ తెలిసినట్టు కూర్చున్నాడు.

ఆట నున్నగా సాగింది. ఒక్క ప్రశ్న లేదు. “శాపం తగిలిన వంతెన. కింద నది. రైమో, నీ వంతు. దాటతావా, శాపం విప్పుతావా?”

రైమో తలూపాడు.

“దేనికి ఊపావు?”

మళ్లీ ఊపాడు. బల్ల మీది రకరకాల పాచికల్లో ఒకటి తీశాడు, పెట్టేశాడు, ఇంకోటి తీశాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాఫీ వేళ కాగానే యాలకుల బన్ను జేబులో పెట్టుకుని లేచాడు. “ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. వెళ్లాలి,” అన్నాడు. అతని ఫోన్ మోగనే లేదు.

ఇర్మెలికి మతిపోయింది. బోర్కో నోరు మూయించినా రైమో పోతున్నాడేమిటి? గది బయట కాఫీ వంచుతున్న మిర్యా దగ్గరికి పరుగెత్తింది. మిర్యాకు ఊళ్లో పూల దుకాణం, ఇక్కడ ఎనిమిదేళ్ల అనుభవం.

“నేనొచ్చిన కొత్తల్లో ఏ పాచిక ఏదో కూడా నాకు తెలీదు ఇర్మెలీ,” అంది మిర్యా నెమ్మదిగా. “చచ్చినా అడిగేదాన్ని కాదు. బోర్కో అడిగాడు. నేను పక్కన కూర్చుని విన్నాను.”

“మరి నేను ఇన్నాళ్లూ వాడికే చెబుతున్నాననుకున్నానే!”

“వాడికి అవసరమా?”

ఇర్మెలి కాఫీ అక్కడే వదిలేసి గదిలోకి వచ్చింది. రైమో కోటులో ఒక చెయ్యి దూర్చాడు.

“ఒక్క నిమిషం! ప్రమాదం జరిగింది,” అంది రొప్పుతూ. “వంతెన మీదికి కొండ నుంచి ఒక రాయి జారింది. సరిగ్గా బోర్కో తల మీద పడింది.” రబ్బరు తీసుకుని పదహారు చెరిపేసి, మూడు వేసింది.

“ప్రాణం ఉందా?” అన్నాడు టౌనో ఆశగా.

“ఉంది. తెలివి పోయింది.”

టౌనో ముఖం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “ఏ వంతెన?”

ఇర్మెలి మొదట్నుంచి చెప్పింది. పళ్లు కొరుక్కోలేదు.

“శాపం విప్పడానికి వేసే పాచిక ఏది? గుండ్రంగా ఉంటుందే, అదా?”

“అదే. ఇరవై ముఖాలుంటాయి. ఇదిగో.”

రైమో ఖాళీ చెయ్యి బల్ల మీదికి వచ్చి ఆ పాచికను అందుకుంది. రెండో చెయ్యి కోటులోంచి బయటికొచ్చింది. కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఆ శాపం సంగతి కూడా,” అన్నాడు రైమో, “బోర్కోకి సరిగ్గా అర్థమైనట్టు లేదు.”

“అస్సలు అర్థం కాలేదు!” అన్నాడు టౌనో.

నాలుగింటికి అందరూ మెట్లు దిగుతుంటే, “వచ్చే వారం బన్నులు నేను తెస్తా,” అని రైమో ముందు వెళ్లిపోయాడు. ఇర్మెలికి అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట తను మొదటిసారి ఆట నడిపిన రోజు కంగారులో నియమాలన్నీ తలకిందులుగా చెప్పింది. అప్పుడే మొదటి బోర్కో తనకు అర్థం కాలేదన్నాడు. మళ్లీ చెప్పేటప్పుడు తప్పులన్నీ దిద్దుకుంది.

“టౌనో, ఆ రోజు అడిగింది నా కోసమేనా?”

టౌనో టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

“ఏ రోజు?” అన్నాడు.