హఫీజ్‌పేట్ నుంచి ఒక సెలైన్ సీసా కోసం

మా అక్కకు ఒక్క సెలైన్ సీసా అయినా ఎక్కించమని డాక్టరమ్మను బతిమాలడానికి హఫీజ్‌పేట్ నుంచి నగరానికి బయల్దేరాం. ఎనిమిదింటికి రావలసిన బస్సు తొమ్మిదింపావుకు వచ్చింది. ఈలోగా రెండు మూడు రాజవంశాలు పుట్టి గిట్టి ఉంటాయి.

అక్కకు రొమ్ములో కేన్సర్ గడ్డ తీసి నాలుగు నెలలైంది. హార్మోనుతో పెరిగే రకమని రిపోర్టు వచ్చింది. రోజుకో మాత్ర, ఐదేళ్లు మింగమన్నారు. ఎదురింటి రేవతికీ అదే రకం, అదే డాక్టరు. ఆమెకు మాత్రం మూడు వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు. కాలనీ యావత్తూ బత్తాయిలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు బారులు తీరింది. మాత్ర మింగేవాళ్లను పరామర్శించడానికి మన దేశంలో ఇంకా ఎవరూ పుట్టలేదు. అక్క అలిగి పద్దెనిమిది రోజులుగా మాత్ర మానేసింది. ఆ సంగతి నిన్ననే బయటపడింది.

కొండాపూర్ దాటాం. యాత్రికులకు సూచన: ఎడమవైపు కూర్చుంటే రాళ్లు కనిపిస్తాయి, కుడివైపు కూర్చుంటే ఇంకా పెద్ద రాళ్లు. మాదాపూర్‌లో ఆ రాళ్ల నడుమ కొత్తగా గుండ్రటి అద్దాల మేడ లేచింది. ఇకమీదట ప్రపంచమంతా అందులోంచే నడుస్తుందట. మా బస్సు మాత్రం సరిగ్గా దాని ముందే ఆగిపోయింది.

డ్రైవరు ఇంజనుకు నీళ్లు పట్టేలోగా, పూలగంప ఒళ్లో పెట్టుకున్న పక్కసీటావిడ అక్క కథంతా రాబట్టింది.

“ఏందక్కా, గంత పెద్ద రోగానికి గోళీ ఇచ్చి తోలిన్రా? సూది గిట్ల ఏం లేదా? జర మంచి దవాఖాన చూస్కోరాదు!”

అక్క కిటికీ వైపు తిరిగింది. “చచ్చేదానికి సెలైన్ దండగని మాత్రతో సరిపెట్టారేమోరా,” అంది మెల్లగా.

నా దగ్గర ఎప్పుడూ బస్తాడు జోకులుంటాయి. అప్పుడు మాత్రం ఆ బస్తా మూతి కట్టేసి, అక్కకు నీళ్ల సీసా అందించాను.

పదకొండున్నరకు ఆసుపత్రి చేరితే ఒంటిగంటకు పిలుపొచ్చింది.

“పద్దెనిమిది రోజులా!” డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. “మీకు యాభై ఎనిమిదేళ్లు. గడ్డ చిన్నది, చంకలోకి పాకలేదు. ఆ జబ్బుకు హార్మోనే తిండి. ఆ తిండి అందకుండా అడ్డుపడేదే ఈ మాత్ర. మీకు అసలు వైద్యం ఇదేనమ్మా.”

“మరి మా ఎదురింటి రేవతికో? నలభై కూడా నిండలేదు, చంకలోకీ పాకిందట.”

“చిన్న వయసు, పైగా చంకలోకి పాకిందని మీరే అంటున్నారుగా. అలాంటివాళ్లకు ముందు సెలైన్‌లో మందు. అది అయ్యాక వాళ్లూ ఇలాంటి మాత్రకే రావాలి.”

అక్క ముఖంలో వెయ్యి దీపాలు వెలిగాయి. “అంటే నేనే దానికన్నా ముందున్నానన్నమాట!”

“మళ్లీ మానకపోతే,” అంది డాక్టరమ్మ. ఆవిడ నవ్వలేదు.

రెండూ నలభై బస్సుకు తిరుగుముఖం పట్టాం. ఎక్కేముందు డజను బత్తాయిలు కొని అక్క ఒళ్లో పోశాను. ఆవిడ ఒకటి ఒలిచింది, సంచిలోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుంది, తొనరసంతో మింగేసింది.

“గిన్ని బత్తాయిలా! దవాఖానల ఎవలున్నరమ్మా?” అన్నాడు కండక్టరు.

“ఎవరూ లేరు బాబూ. పేషెంటును నేనే. ఐదేళ్ల కోర్సు!” అంది అక్క, వెనక సీటు దాకా వినిపించేలా.

ఈ దారిన వెళ్లబోయేవారికి నా అనుభవసారం ఇంతే: మాత్ర మింగేవాళ్లకూ బత్తాయిలు పట్టుకెళ్లండి. డజనులో నాకు దక్కింది ఒకటి, అదీ పుల్లది.